గ్యాస్ మాత్రకు తగ్గితే గ్యాసేనా? జీర్ణాశయ క్యాన్సర్‌ను పసిగట్టడం ఎలా

మా పెద్దనాన్నది పాకాల దగ్గర ఒక పల్లె. ఏటా అలిపిరి నుంచి నడిచి కొండెక్కేవాడు. 3,550 మెట్లు, దారిలో ఒకటి రెండు చోట్ల మజ్జిగ, అంతే. 58వ ఏట మాత్రం గాలిగోపురం చేరేలోపే నాలుగుసార్లు కూర్చున్నాడు. గోపురం దగ్గరికొచ్చాక ఇక లేవలేకపోయాడు. "వయసు మీద పడింది కదప్పా" అన్నారు పక్కనున్నవాళ్లు. ఆయనా అదే అనుకున్నాడు.

ఊరికి పోయాక రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.8 ఉంది. మగవాళ్లకు 13కు తగ్గకూడదు. ఒక క్లినిక్‌లో ఐరన్ మాత్రలు రాసిచ్చి పంపారు. అప్పటికే ఆర్నెల్లుగా కడుపు మంటకు మెడికల్ షాపులో గ్యాస్ మాత్ర కొనుక్కుని వేసుకుంటున్నాడు. ఆ రెండు మాత్రలూ మంచివే. కానీ రెండూ కలిసి జబ్బు చూపిస్తున్న రెండు ఆనవాళ్లనూ కప్పేశాయి. గ్యాస్ మాత్రతో నొప్పి తగ్గింది. మలం నల్లగా వస్తుంటే ఐరన్ మాత్ర వల్లే అనుకున్నాం. అసలు రక్తం ఎందుకు తగ్గింది, ఎటు పోతోంది అని మాలో ఒక్కరూ అడగలేదు. ఇంకో ఐదు నెలలకు ఎండోస్కోపీ చేస్తే, అంటే నోట్లోంచి కెమెరా ఉన్న గొట్టం పంపి చూస్తే, జీర్ణాశయంలో పుండు కనిపించింది. దాని అంచుల్లోంచి తీసిన ముక్కల్లో క్యాన్సర్ ఉందని తేలింది.

అప్పటి నుంచి దొరికినంత చదివాను, కనిపించిన డాక్టర్లందరినీ విసిగించి అడిగాను. జీర్ణాశయ క్యాన్సర్ లక్షణాలు ఇవీ అని ఏ ఆసుపత్రి గోడ మీద చూసినా ఒక పట్టీ ఉంటుంది. అజీర్తి, ఉబ్బరం, ఆకలి లేకపోవడం, నీరసం. మన వీధిలో సగం మందికి వీటిలో ఏదో ఒకటి ఉంటుంది, వాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మందికి పైగా క్యాన్సర్ ఉండదు. ఆ పట్టీ ఒకరిని ఊరికే టెన్షన్ పెడుతుంది, ఇంకొకరికి "ఇవి అందరికీ ఉండేవేలే" అన్న ధీమా ఇస్తుంది. కాబట్టి ఏ లక్షణం ఉంది అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. అది ఎవరికి, ఏ వయసులో, ఎన్నాళ్లుగా, దేనితో కలిసి వచ్చిందన్నది చూడాలి.

కడుపు అన్న మాటతోనే చిక్కు

మన భాషలో కడుపు చాలా పెద్ద మాట. రొమ్ము ఎముక కింద నుంచి పొత్తికడుపు దాకా అంతా కడుపే. గర్భమూ కడుపే. "కడుపులో నొప్పి" అని చెబితే డాక్టరుకు అది జీర్ణాశయమో, పిత్తాశయమో, పేగో తెలియదు. జీర్ణాశయం ఉండేది బొడ్డుకు పైన, కొంచెం ఎడమ పక్కకు. డాక్టరు దగ్గర వేలు పెట్టి చోటు చూపించడం మంచిది. నొప్పి తిన్న తర్వాత వస్తోందా, పరగడుపున వస్తోందా, రాత్రి నిద్ర లేపుతోందా అన్నది చెబితే ఇంకా మంచిది.

గ్యాస్ అన్న మాట దీనికంటే చిక్కైనది. ఎద మంట, పుల్లటి తేన్పులు, ఉబ్బరం, వాంతి వచ్చేట్టు ఉండడం, ఒక్కోసారి గుండెపోటు నొప్పి కూడా, అన్నిటికీ మనం అదే మాట వాడతాం. పేరు పెట్టేశాక ఇంకేమీ వెతకం. మా పెద్దనాన్నను ఎప్పుడడిగినా "ఏం లేదు నాయనా, గ్యాసు" అనేవాడు. ఆ మాటతో నేనూ ఊరుకున్నాను.

జబ్బు ఎందుకు చప్పుడు చేయదు

జీర్ణాశయం సాగే సంచి. లీటరు, లీటరున్నర దాకా పడుతుంది. దాని గోడలో లోపలి మెత్తటి పొర, దాని కింద ఇంకో పలుచటి పొర, తర్వాత కండరం, పైన కప్పు ఉంటాయి. క్యాన్సర్ మొదలయ్యేది లోపలి పొరలో. అక్కడ ఒక రూపాయి బిళ్లంత మచ్చ ఉన్నా అన్నం దిగడానికి అడ్డం రాదు. ఆ పొరను కోసినా నొప్పి తెలియదు. అందుకే ఎండోస్కోపీలో మత్తు ఇవ్వకుండానే ముక్క తీయగలుగుతారు. మొదటి దశలో చాలామందికి ఏమీ తెలియకపోవడానికి కారణం ఇదే.

తర్వాత ఏ లక్షణం వస్తుందన్నది గడ్డ ఎక్కడ ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇది తెలిసిన రోజున నాకు చాలా సంగతులు విడివడ్డాయి. అన్నవాహిక వచ్చి కలిసే పైభాగంలో ఉంటే మింగుడు పడదు. ముందు సంగటి, చపాతీ లాంటి గట్టివి అడ్డం పడతాయి, కొన్నాళ్లకు జావ కూడా. పేగులోకి తెరుచుకునే కింది ద్వారం దగ్గర ఉంటే తిన్నది కిందికి పోదు. పొద్దున తిన్న అన్నం సాయంత్రం అలాగే వాంతి అవుతుంది. ఈ రెండు చోట్లా దారి ఇరుకు కనుక జబ్బు కొంచెం ముందే తలుపు తడుతుంది. మధ్యలో, విశాలమైన చోట ఉంటే అడ్డమేమీ ఉండదు. మౌనంగా పెరుగుతుంది, మౌనంగా రక్తం కారుతుంది. మా పెద్దనాన్నది ఇదే.

ఇంకో రకం ఉంది. అందులో గడ్డ అంటూ కట్టదు. క్యాన్సర్ కణాలు గోడ లోపల నీళ్లు ఇంకినట్టు ఇంకిపోతాయి. గోడ బిరుసెక్కి సాగే గుణం పోతుంది. అలాంటివాళ్లకు నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోతుంది. ఆకలేసి కూర్చుంటారు, తినలేక లేస్తారు. ఆకలి లేకపోవడం వేరు, ఆకలుండీ కొంచెం తినగానే నిండిపోవడం వేరు. రెండోది ఎక్కువ పట్టించుకోవాల్సింది. ఫిన్లాండుకు చెందిన లారెన్ అనే పాథాలజిస్టు, అంటే ఒంట్లోంచి తీసిన ముక్కలను పరీక్షించే డాక్టరు, 1965లో ఈ జబ్బును గడ్డకట్టే రకం, ఇలా పరుచుకునే రకం అని రెండుగా విడదీశాడు. మొదటిది ఎక్కువగా పెద్ద వయసు మగవాళ్లలో వస్తుంది. రెండోది ముప్పైల్లో, నలభైల్లో ఉన్న ఆడవాళ్లకూ రావచ్చు. "ఈ వయసులో క్యాన్సరేంటి" అన్న మాట ఇక్కడ చెల్లదు.

రక్తం ఎటు పోతోంది

రోజుకు రెండు చెంచాల రక్తం, అంటే 10 మిల్లీలీటర్లు, జీర్ణాశయంలోకి కారితే కంటికి ఏమీ కనిపించదు. మలం రంగు కూడా మారదు. కానీ ఒక మిల్లీలీటరు రక్తంలో అర మిల్లీగ్రాము ఐరన్ ఉంటుంది. అంటే రోజుకు 5 మిల్లీగ్రాములు బయటికి పోతోంది. మనం తిన్నదాంట్లోంచి ఒళ్లు తీసుకోగలిగేది రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే. నిల్వ ఉన్న ఐరన్ కొన్ని నెలలకు అయిపోతుంది, హిమోగ్లోబిన్ పడిపోతుంది. కడుపులో ఏ నొప్పీ లేని మనిషికి మెట్లెక్కుతుంటే ఆయాసం వస్తుంది.

యాభై దాటిన మగవాడికి, ముట్లుడిగిన ఆడమనిషికి ఐరన్ తక్కువై రక్తహీనత వస్తే పైనుంచి ఎండోస్కోపీ, కిందినుంచి కొలనోస్కోపీ చేసి చూడాలన్నది ప్రపంచమంతా డాక్టర్లు పాటించే పద్ధతి. ఆ వయసులో రక్తం పోవడానికి వేరే సహజమైన దారి లేదు కాబట్టి. ఐరన్ మాత్రతో హిమోగ్లోబిన్ పెరిగినా కారణం దొరికినట్టు కాదు. ఆడవాళ్ల విషయంలో నాకు ఇంకా బాధ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అందరికీ ఉండేదే కదా అనే అలవాటు మనకు ఎంతగా పట్టిందంటే, అరవై ఏళ్ల అవ్వకు హిమోగ్లోబిన్ 8 ఉన్నా "ఆడవాళ్లకు మామూలే" అంటాం. అరవై ఏళ్ల మనిషికి అది మామూలు కాదు.

రక్తం కాస్త ఎక్కువగా, ఒక అర గ్లాసు దాకా కారితే అది ఆమ్లంలో, పేగుల్లో అరిగి తారులా నల్లగా మారుతుంది. జిగటగా ఉంటుంది, నీళ్లు పోసినా సులువుగా పోదు, ఎప్పుడూ లేని చెడ్డ వాసన వస్తుంది. ఐరన్ మాత్రతో వచ్చే నలుపు కొంచెం ఆకుపచ్చ కలిసినట్టు ఉంటుంది, జిగురు ఉండదు, ఆ వాసనా ఉండదు. ఈ తేడా మాకు ఎవరైనా చెప్పి ఉంటే ఐదు నెలలు కలిసొచ్చేవి. ఇలాంటి సంగతి ఇంట్లో మాట్లాడుకోవడానికి మనకు సిగ్గు. పెద్దవాళ్లు అసలే చెప్పరు. అడగాల్సింది మనమే.

బరువు విషయమూ అంతే. ఆరు నుంచి పన్నెండు నెలల్లో, ప్రయత్నమేమీ లేకుండా ఒంటి బరువులో 5 శాతం తగ్గితే డాక్టరుకు చెప్పాలి. 60 కిలోల మనిషికి అది 3 కిలోలు. ప్యాంటు వేసుకునేవాడికి బెల్టు చెబుతుంది. పంచె కట్టేవాడికి, చీర కట్టేవాళ్లకు నడుము తగ్గినా తెలియదు. రవికె వదులైందా, గాజులు మోచేతి వైపు జారుతున్నాయా, ఉంగరం ఊడి వస్తోందా అన్నవి చూసుకోవాలి. మా పెద్దనాన్న రెండు ముద్దల సంగటి తినేవాడు కాస్తా అర ముద్దకే చెయ్యి కడిగేస్తుంటే, పెద్దమ్మ "ఊరుబిండి పచ్చడిలో కారం ఎక్కువైందేమో" అనుకుని కారం తగ్గిస్తూ వచ్చింది.

మాత్రకు తగ్గడం రుజువు కాదు

గ్యాస్ మాత్రలుగా మనం వాడే పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, రాబిప్రజోల్ జీర్ణాశయంలో ఆమ్లం ఊరడాన్ని బాగా తగ్గిస్తాయి. మామూలు పుండు వీటితో మానుతుంది. చిక్కేమిటంటే క్యాన్సర్ పుండు కూడా పైపైన మానినట్టు కనిపించగలదు. తొలిదశ క్యాన్సర్ పుండ్లు మానుతూ మళ్లీ విచ్చుకుంటూ ఉండడాన్ని జపాన్ డాక్టర్లు ఈ మాత్రలు రాకముందే గమనించారు. ఇప్పుడు మాత్ర వేస్తే ఆమ్లం తగ్గుతుంది, పుండు మీద పలుచటి పొర కమ్ముకుంటుంది, నొప్పి పోతుంది, కింద జబ్బు అలాగే ఉంటుంది. మాత్ర నెలల తరబడి వేసుకుంటూ ఎండోస్కోపీకి పోతే కొన్నిసార్లు చూసేవాళ్లకు కూడా అది దొరక్కపోవచ్చు.

మాత్రలు వాడొద్దని నేను అనడం లేదు. ముప్పై ఏళ్ల కుర్రాడికి, రక్తం బాగుండి, బరువు తగ్గకుండా, ఎద మంట ఒక్కటే ఉంటే కొన్ని వారాలు మాత్ర ఇచ్చి చూడడం సరైన వైద్యమే. 45, 50 దాటిన మనిషికి ఇంతకుముందు లేని అజీర్తి కొత్తగా మొదలై వదలకపోతే లెక్క మారుతుంది. మింగుడు పడకపోవడం, ఆగని వాంతులు, నల్లటి మలం, రక్తహీనత, బరువు తగ్గడం, చేతికి తగిలే గడ్డ, వీటిలో ఏది తోడైనా వయసుతో పని లేదు. అప్పుడు ముందు ఎండోస్కోపీ, తర్వాతే మాత్ర. మా ఇంట్లో ఈ వరస తలకిందులైంది.

స్కానింగ్ నార్మల్ అంటే ఏం తేలినట్టు

మన ఊళ్లలో కడుపు నొప్పికి మొదట చేయించేది పొట్ట స్కానింగ్, అంటే అల్ట్రాసౌండ్. "స్కానింగ్‌లో ఏమీ లేదు" అనగానే ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. కానీ అల్ట్రాసౌండ్‌కు గాలి అడ్డం. జీర్ణాశయం నిండా ఉండేది గాలి, తిండి. లివరు, పిత్తాశయం, కిడ్నీలు బాగా కనిపిస్తాయి. జీర్ణాశయం లోపలి పొర కనిపించదు. ఆ పరీక్ష నార్మల్ అంటే జీర్ణాశయం సంగతి తేలనట్టే. ఇంకో ప్రమాదం కూడా ఉంది. స్కానింగ్‌లో పిత్తాశయంలో రాళ్లు కనిపిస్తాయి. అవి చాలామందికి ఏ బాధా పెట్టకుండా ఉంటాయి. ఉన్న నొప్పంతా వాటి మీదికి నెట్టేసి అక్కడితో వెతకడం ఆపేసే అవకాశం ఉంది.

సీటీ స్కాన్ మేలు, కానీ అది కూడా తొలిదశ మచ్చను పట్టుకోలేదు. దాని అసలు పని వేరు. క్యాన్సర్ అని తేలాక ఎంత దూరం పాకిందో చెప్పడం. రక్తంలో క్యాన్సర్ గుర్తులను వెతికే సీఈఏ, సీఏ 19-9 లాంటి పరీక్షలను ఫుల్ బాడీ ప్యాకేజీల్లో చేరుస్తున్నారు. తొలిదశ రోగుల్లో చాలామందికి అవి నార్మల్‌గానే ఉంటాయి, క్యాన్సర్ లేనివాళ్లకు వేరే కారణాలతో పెరుగుతాయి. వైద్యం మొదలయ్యాక ఎలా సాగుతోందో చూడడానికి డాక్టర్లు వాటిని వాడుకుంటారు. జబ్బు ఉందో లేదో తేల్చడానికి పనికిరావు.

తేల్చేది ఎండోస్కోపీ, అందులో తీసిన ముక్క. ఈ పరికరం వెనక పెద్ద కథ ఉంది. జీర్ణాశయ క్యాన్సర్ ఎక్కువగా ఉన్న జపాన్‌లో 1950లో ఒలింపస్ కంపెనీ మింగగలిగే చిన్న కెమెరా తయారు చేసింది. గొట్టం చివర బుల్లి కెమెరా, దానికో బల్బు. లోపల ఫోటోలు తీసి, బయటికి లాగి, ఫిల్ము కడిగి చూసేవాళ్లు. లోపల ఏముందో అప్పటికప్పుడు చూసే వీలు తర్వాత వచ్చింది. ఇప్పుడు మన తిరుపతిలో వాడే గొట్టం చిటికెన వేలంత లావు ఉంటుంది.

రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకుండా పరగడుపున పోవాలి. గొంతులో మొద్దుబారే మందు కొడతారు. ఎడమ పక్కకు తిరిగి పడుకోమంటారు. గొట్టం గొంతు దాటేటప్పుడు వికారంగా ఉంటుంది, అది నిజం. ముక్కుతో గాలి పీలుస్తుంటే గడిచిపోతుంది. అంతా కలిపి ఐదు, పది నిమిషాలు. భయం ఎక్కువైతే మత్తు ఇచ్చి చేయమని అడగొచ్చు.

"ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుంది" అని మా చుట్టాల్లోనే ఇద్దరు అడ్డం పడ్డారు. పెద్దనాన్న రెండు వారాలు వెనకాడాడు. బియ్యపు గింజ కంటే చిన్న ముక్క తీయడం వల్ల ఈ జబ్బు పాకదు. ముక్క తీయకపోతే ఏ జబ్బో తెలియదు, తెలియకపోతే వైద్యం మొదలు కాదు. ఒక్క ముక్క కూడా చాలదు. పుండు అంచుల్లోంచి, అడుగు నుంచి ఆరు నుంచి ఎనిమిది ముక్కలు తీయాలి. అంచున క్యాన్సర్ ఉండి నడిమధ్య చచ్చిన కణజాలం మాత్రమే ఉండొచ్చు. గోడలో ఇంకిపోయే రకమైతే పైపొర మామూలుగానే ఉండి మొదటి బయాప్సీలో, అంటే మొదటిసారి ముక్క తీసి చేసిన పరీక్షలో, దొరక్కపోవచ్చు. చూసిన డాక్టరుకు అనుమానం ఉంటే మళ్లీ, ఇంకొంచెం లోతుగా తీస్తారు. రెండోసారి పిలిచారని కోప్పడకూడదు. అనుమానం వదలని డాక్టరు దొరకడం అదృష్టం.

అల్సర్ అన్న మాటను కూడా ఇక్కడే విడదీయాలి. పేగు మొదట్లో వచ్చే అల్సర్, అంటే డుయోడినల్ అల్సర్, దాదాపుగా క్యాన్సర్ కాదు. జీర్ణాశయంలో వచ్చే అల్సర్ విషయంలో అలా నమ్మడానికి లేదు. "అల్సర్ ముదిరి క్యాన్సర్ అయింది" అంటుంటారు. చాలాసార్లు జరిగేది అది కాదు, మొదటి నుంచీ క్యాన్సరే అల్సర్ రూపంలో ఉంటుంది. అందుకే జీర్ణాశయంలో పుండు ఉంటే ముక్కలు తీయాలి. మందులు వాడాక రెండు మూడు నెలలకు మళ్లీ ఎండోస్కోపీ చేసి పూర్తిగా మానిందో లేదో కంటితో చూడాలి. నొప్పి పోయిందని ఆ రెండోసారి మానేసేవాళ్లే ఎక్కువ.

రిపోర్టులో మాటలు

"ఏంట్రల్ గ్యాస్ట్రైటిస్" అని రాసి ఉంటే కంగారు పడనక్కర్లేదు. జీర్ణాశయం కింది భాగంలో ఎరుపు, వాపు అని అర్థం. ఎండోస్కోపీ చేయించుకున్నవాళ్లలో చాలామందికి ఈ మాట ఉంటుంది. బయాప్సీ రిపోర్టులో "అట్రోఫీ" అంటే ఏళ్ల తరబడి వాపు వల్ల లోపలి గ్రంథులు అరిగిపోయాయని. "ఇంటెస్టినల్ మెటాప్లాసియా" అంటే జీర్ణాశయపు పొర పేగు పొరలా మారుతోందని. ఇవి క్యాన్సర్ కావు. కానీ గడ్డకట్టే రకం క్యాన్సర్ ఎక్కి వచ్చే మెట్లు ఇవే. "డిస్‌ప్లాసియా" అంటే క్యాన్సర్‌కు సరిగ్గా ముందు మెట్టు. అది కనిపిస్తే వదలకూడదు, చాలా సందర్భాల్లో గొట్టం ద్వారానే తీసేయొచ్చు. వాపు నుంచి అట్రోఫీ, మెటాప్లాసియా, డిస్‌ప్లాసియా మీదుగా క్యాన్సర్ దాకా పోయే ఈ దారిని వివరించింది పెలాయో కొరియా అనే కొలంబియా దేశపు పాథాలజిస్టు. ఈ దారి పొడవు ఏళ్లు, దశాబ్దాలు. ఎక్కువమంది మధ్యలోనే ఆగిపోతారు. "అడెనోకార్సినోమా" అంటే క్యాన్సరే. "సిగ్నెట్ రింగ్" అని ఉంటే ఆ ఇంకిపోయే రకం కణాలు.

ఒకమాట. అన్నవాహిక, జీర్ణాశయ క్యాన్సర్లు ఉన్నవాళ్లలో సుమారు పది మందిలో ఒకరికి, అంతకుముందు మూడేళ్లలోపే చేసిన ఎండోస్కోపీలో అది దొరకలేదని విదేశాల లెక్కలు చెబుతున్నాయి. తొలిదశ మచ్చ అంటే పక్క చోటు కంటే కాస్త ఎర్రగానో, పాలిపోయినట్టో ఉండే చోటు, అంతే. నిదానంగా, నురగ కడిగి చూస్తేనే కనబడుతుంది. రెండేళ్ల కింద ఎండోస్కోపీ నార్మల్ వచ్చిందన్నది ఇవాళ కొత్తగా మొదలైన వాంతులకు జవాబు కాదు.

మెడకు ఎడమ పక్క కింద, కాలర్ బోన్ పైన గట్టి గడ్డ, బొడ్డు దగ్గర బొడిపె, పొట్టలో నీరు చేరడం కూడా లక్షణాల పట్టీల్లో కనిపిస్తాయి. బొడ్డు దగ్గరి గడ్డను మొదట గుర్తుపట్టింది అమెరికాలో విలియం మేయో అనే సర్జన్ దగ్గర పనిచేసిన నర్సు, సిస్టర్ మేరీ జోసెఫ్. ఆపరేషన్‌కు ముందు రోగుల పొట్ట శుభ్రం చేస్తున్నప్పుడు ఆమె చేతికి అది తగిలింది. ఇవాళ్టికీ ఆ గడ్డను ఆమె పేరుతోనే పిలుస్తారు. కానీ ఇవన్నీ జబ్బు ఊరు దాటాక కనిపించేవి. తొందరగా కనిపెట్టాలనుకునేవాళ్లు వీటికోసం ఎదురు చూడకూడదు.

కడుపులో బ్యాక్టీరియా

ఈ క్యాన్సర్‌కు అన్నిటికంటే పెద్ద కారణం హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా. ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ దీన్ని కనిపెట్టినప్పుడు ఆమ్లంలో సూక్ష్మజీవి బతుకుతుందంటే ఎవరూ నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాను తానే తాగి, జీర్ణాశయంలో వాపు తెచ్చుకుని చూపించాడు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని క్యాన్సర్ కారకంగా ప్రకటించింది. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఎక్కువగా చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ల నుంచి అంటుకుంటుంది. మనదేశంలో సగానికి పైగా పెద్దవాళ్లలో ఉంటుంది. అయితే ఇది ఉన్నవాళ్లలో క్యాన్సర్ వచ్చేది నూటికి ఒకరి నుంచి ముగ్గురికే. పైగా ఇది ఇంత ఎక్కువగా ఉన్న దేశంలో ఆ లెక్కన క్యాన్సర్ ఎక్కువ లేదు. ఈ వైచిత్రిని పరిశోధకులు ఏళ్లుగా తర్కిస్తున్నారు. ఈ క్యాన్సర్ దేశమంతా ఒక్కలా కూడా లేదు. మిజోరంలో చాలా ఎక్కువ. ఉత్తరాది కంటే దక్షిణాదిలో ఎక్కువ. మన పక్కనున్న చెన్నైలో మగవాళ్లకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్లలో ఇది ఎప్పటి నుంచో ముందు వరసలోనే ఉంది.

కారం వల్ల వచ్చిందా అని అందరూ అడిగారు. కారం మీద గట్టి రుజువు లేదు. అనుమానం ఎక్కువగా ఉన్నది ఉప్పు మీద, ఉప్పులో ఊరబెట్టి నిల్వ చేసిన తిండి మీద. సిగరెట్, బీడీ విషయంలో అనుమానమే లేదు, రుజువైంది. పెద్దనాన్న ముప్పై ఏళ్లు బీడీ తాగాడు.

ఈ బ్యాక్టీరియాకు పరీక్షలు సులువే. ఎండోస్కోపీలో తీసిన ముక్కతో, ఊపిరితో, మలంతో చేయొచ్చు. పరీక్షకు రెండు వారాల ముందు గ్యాస్ మాత్ర, నాలుగు వారాల ముందు యాంటీబయాటిక్ ఆపాలి. ఆపకపోతే ఉన్నా లేనట్టు చూపిస్తుంది. రక్తంలో యాంటీబాడీ పరీక్ష ఎప్పుడో వచ్చి పోయినదానికీ, ఇప్పుడు ఉన్నదానికీ తేడా చెప్పదు.

అందరికీ చేయించాలా

2022లో ప్రపంచం మొత్తం మీద సుమారు 9 లక్షల 70 వేల మందికి ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చింది, 6 లక్షల 60 వేల మంది చనిపోయారు. దక్షిణ కొరియాలో 40 దాటిన ప్రతి ఒక్కరికీ రెండేళ్లకోసారి ప్రభుత్వమే పరీక్ష చేయిస్తుంది. జపాన్‌లోనూ దశాబ్దాలుగా ఉంది. అందుకే అక్కడ సగానికి పైగా కేసులు తొలిదశలోనే దొరుకుతాయి. క్యాన్సర్ లోపలి రెండు పొరల్లోనే ఉండగా దొరికితే నూటికి తొంభై మందికి పైగా ఐదేళ్లు దాటి బతుకుతున్నారు. కొందరికి పొట్ట కోయకుండా గొట్టంతోనే ఆ పొరను ఒలిచి తీసేస్తున్నారు. మనదేశంలో ఎక్కువమంది ముదిరాకే వస్తున్నారు.

అయినా మన దగ్గర ఏ లక్షణమూ లేని అందరికీ ఎండోస్కోపీ చేయడం అర్థవంతం కాదు. జబ్బు వచ్చేవాళ్ల సంఖ్య అక్కడికంటే చాలా తక్కువ. అమ్మ, నాన్న, తోబుట్టువుల్లో ఒకరికి వచ్చినవాళ్ల సంగతి వేరు. వాళ్లకు ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువ. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి, చిన్న వయసులో వస్తే సీడీహెచ్1 అనే జన్యువులో లోపం ఉందేమో చూస్తారు.

పరీక్షకు మనం దూరం పోనక్కర్లేదు. తిరుపతిలో స్విమ్స్, రుయా ఆసుపత్రులు ఉన్నాయి. అలిపిరి దారిలో టాటా ట్రస్ట్స్ ఆధ్వర్యంలోని క్యాన్సర్ ఆసుపత్రి 2022 నుంచి నడుస్తోంది. చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ గంట ప్రయాణం. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు "గ్యాస్ సార్" అని మొదలుపెట్టకుండా, ఎన్నాళ్లుగా ఉంది, ఎన్ని కిలోలు తగ్గారు, మలం రంగేమిటి, ఏ మాత్రలు ఎన్ని నెలలుగా వాడుతున్నారు, ఇంట్లో ఎవరికి క్యాన్సర్ వచ్చింది అన్నవి ఒక కాగితం మీద రాసుకుని పోండి. పాత హిమోగ్లోబిన్ రిపోర్టులుంటే అవీ పట్టుకుపోండి. రెండేళ్ల కింద 13 ఉండి ఇప్పుడు 10 ఉంటే, ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెడితే చాలు.

పెద్దనాన్నకు ముందు కీమో ఇచ్చి, తర్వాత జీర్ణాశయంలో చాలా భాగం తీసేశారు. ఇప్పుడు రోజుకు ఆరేడుసార్లు కొంచెం కొంచెం తింటాడు, బీ12 ఇంజెక్షన్ వేయించుకుంటాడు. మా నాన్న ఆయన తమ్ముడు కాబట్టి డాక్టరు నాన్నకూ ఎండోస్కోపీ చేయించమన్నారు. పుండేమీ లేదు కానీ పైలోరి దొరికింది. పద్నాలుగు రోజుల మందుల కోర్సు మొన్నటితో అయిపోయింది. అది నిజంగా పోయిందో లేదో తెలియాలంటే నాలుగు వారాలు ఆగి మళ్లీ మలపరీక్ష చేయించాలి. హాల్లో ఉన్న టీటీడీ క్యాలెండర్ మీద ఆ తేదీ చుట్టూ అమ్మ సున్నా చుట్టింది.